మూఢంలో పూలకు మరో దారి.. పన్ను సున్నా, పత్రాలే కీలకం

చేవెళ్ల, మొయినాబాద్‌: ముహూర్తాలు ఉంటేనే పూలకు ధర. మూఢం వచ్చినా, ఆషాఢం మొదలైనా అవే పూలు అడిగేవారు లేక గుడిమల్కాపూర్‌ మార్కెట్‌లో కుప్పలుగా మిగిలిపోతాయి. చేవెళ్ల, మొయినాబాద్‌ మండలాల్లో పాలీహౌస్‌లు వేసిన రైతులకు ఏటా ఎదురయ్యే అనుభవమిది. మొక్కకు పంచాంగంతో పనిలేదు. విచ్చిన పూవును కోయకపోతే తోట పాడవుతుంది. కోస్తే కూలీ ఖర్చు, రవాణా ఖర్చు మీదపడతాయి. తీరా మార్కెట్‌కు చేరాక వచ్చిన ధర ఆటో కిరాయికి కూడా సరిపోని రోజులుంటాయి.

ఇదే పూలను విదేశాలకు పంపే విమానాశ్రయం మాత్రం గంట ప్రయాణ దూరంలోనే ఉంది. తాజా పూలపై ఎగుమతి సుంకం లేదు. జీఎస్టీ కూడా లేదు. అయినా ఆ దారి పట్టే రైతులు తక్కువే. అడ్డుగా నిలుస్తున్నది పన్ను కాదు, పత్రాలు. అవసరమైన కాగితాలన్నీ ముందుగా సిద్ధం చేసుకున్నవారికి విమానాశ్రయంలో పని గంటల్లో ముగుస్తుంది. ఒక్కటి లోపించినా పెట్టెలు విమానం ఎక్కవు. ఇనుము, బట్ట అయితే మరుసటి రోజు పంపవచ్చు. పూలకు ఆ అవకాశం లేదు.

తోటల ప్రాంతం.. ఒకే మార్కెట్‌

ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ జలాశయాల పరిరక్షణ కోసం 1996లో వెలువడిన 111 జీవో 84 గ్రామాల్లో పరిశ్రమలకు, భారీ నిర్మాణాలకు ఆంక్షలు విధించింది. మొయినాబాద్‌ పరిసరాలు దీర్ఘకాలం తోటలకు నెలవుగా కొనసాగడానికి ఇదీ ఒక కారణం. నగరానికి దగ్గరగా ఉండటంతో కూరగాయలు, పూలు ప్రధాన పంటలయ్యాయి. తెలంగాణ ఏర్పడిన తర్వాత 2014-15 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ప్రకటించడంతో చేవెళ్ల, మొయినాబాద్‌, శంకర్‌పల్లి, షాబాద్‌ మండలాల్లో జెర్బరా, గులాబీ, చామంతి సాగు విస్తరించింది. రైతులు తమ వాటా సొమ్మును బ్యాంకు అప్పులుగా తెచ్చి పెట్టారు.

పంట విస్తరించింది గానీ అమ్ముకునే చోటు విస్తరించలేదు. పూలలో అధిక భాగం హైదరాబాద్‌ మార్కెట్‌పైనే ఆధారపడి ఉంది. ఒకే మార్కెట్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో 2020 మార్చిలో విధించిన లాక్‌డౌన్‌ కళ్లకు కట్టింది. పెళ్లిళ్లు ఆగాయి, గుళ్లు మూతపడ్డాయి, కోసిన పూలను రైతులు పారబోశారు. ఆ దెబ్బ నుంచి కోలుకుంటున్న సమయంలో వేదికల అలంకరణలో ప్లాస్టిక్‌ పూల వాడకం పెరిగింది. వాటిని నిషేధించాలని పూల రైతులు కోరుతూనే ఉన్నారు.

విదేశీ గిరాకీకి వేరే పంచాంగం

విదేశాల్లో పూల గిరాకీకి మన ముహూర్తాలతో సంబంధం లేదు. ఫిబ్రవరి 14న ప్రేమికుల దినోత్సవం, మే నెలలో మాతృ దినోత్సవం, డిసెంబరులో క్రిస్మస్‌ అక్కడి పెద్ద పండుగలు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్‌ వేలం కేంద్రం ప్రపంచ పూల వ్యాపారానికి కేంద్ర స్థానం. కెన్యా, ఇథియోపియా రైతులు అక్కడికి పెద్ద ఎత్తున గులాబీలు పంపుతారు. మన దేశంలో బెంగళూరు, హోసూరు ప్రాంతాలు ఈ వ్యాపారంలో ముందున్నాయి.

అయితే ఐరోపాకు ఎప్పుడు పంపినా ధర పలుకుతుందనుకోవడం పొరపాటు. మనకు ఆషాఢం వచ్చే జూన్‌, జులై నెలల్లో అక్కడ వేసవి. స్థానికంగానే పూలు విరివిగా దొరుకుతాయి. ఆ సమయంలో ఇక్కడి రైతుకు దగ్గరి దారి గల్ఫ్‌ దేశాలే. ఎండల తీవ్రత వల్ల అక్కడ పూల సాగు కష్టం. హైదరాబాద్‌ నుంచి దుబాయ్‌కి విమాన ప్రయాణం సుమారు 4 గంటలు. భారతీయులు, ప్రత్యేకించి తెలుగువారు ఎక్కువగా ఉండటంతో మల్లె, బంతి, చామంతులకూ ఆదరణ ఉంది. భారత్‌, యూఏఈల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉంది. ఒప్పందం పరిధిలోకి వచ్చే సరకుకు భారత్‌లో పండినదేనని చూపే మూల ధ్రువపత్రం జతచేస్తే అక్కడి కొనుగోలుదారుకు సుంకంలో రాయితీ లభిస్తుంది. ఆ మేరకు ధర విషయంలో మాట్లాడుకునే వీలు రైతుకు ఉంటుంది.

రొయ్య నేర్పిన పాఠం

త్వరగా పాడయ్యే సరకును విదేశాలకు పంపడంలో తెలుగు రైతుకు పాత అనుభవమే ఉంది. గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యలు దశాబ్దాలుగా అమెరికా, చైనా, ఐరోపాలకు వెళ్తున్నాయి. కానీ చెరువు రైతు ఎన్నడూ కస్టమ్స్‌ కార్యాలయం గడప తొక్కడు. ప్రాసెసింగ్‌ ప్లాంటు యజమాని రొయ్యలు కొని, శుద్ధి చేసి, గడ్డకట్టించి పంపుతాడు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాలో నమోదు, ఎగుమతి తనిఖీ మండలి ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్‌ పత్రాలు అన్నీ అతడి బాధ్యత. రొయ్యలను గడ్డకట్టిస్తే నెలల తరబడి నిల్వ ఉంటాయి కాబట్టి ఓడలో వెళ్తాయి. గడ్డకట్టించకుండా మంచులో పంపే తాజా చేపలు మాత్రం పూల మాదిరిగానే విమానం ఎక్కవలసిందే.

పూల రైతుకు ఈ ఉదాహరణలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, పూవును గడ్డకట్టించలేము గనుక కాలమే మూలధనం. రెండవది, రైతుకూ విమానానికీ మధ్య పత్రాల పనిని భుజాన వేసుకునే సంస్థ ఒకటి ఉండాలి. కోస్తాలో ఆ పనిని ప్లాంట్లు చేస్తున్నాయి. చేవెళ్ల ప్రాంతంలో ఆ స్థానం ఖాళీగా ఉంది.

తోటలో ఉండగానే సిద్ధం కావాలి

ఎగుమతికి అవసరమైన పత్రాలలో కొన్ని ఒక్కసారి తీసుకుంటే చాలు. మరికొన్ని ప్రతిసారీ తీసుకోవాలి.

మొదటి వరుసలో ఉండేది ఐఈసీ సంఖ్య. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్‌ జనరల్‌ దీనిని ఆన్‌లైన్‌లోనే జారీచేస్తుంది. రుసుము రూ.500. పాన్‌ సంఖ్యే ఐఈసీ సంఖ్యగా ఉంటుంది. ఏటా ఏప్రిల్‌, జూన్‌ నెలల మధ్య వివరాలను ఆన్‌లైన్‌లో సరిచూసి ధ్రువీకరించాలి. మార్పులేమీ లేకపోయినా ఈ పని తప్పదు. మరచిపోతే సంఖ్య స్తంభించిపోతుంది. ఆ సంగతి సరకు విమానాశ్రయానికి చేరిన తర్వాత తెలిస్తే నష్టపోయేది రైతే.

రెండవది అపెడాలో నమోదు. వ్యవసాయ, శుద్ధిచేసిన ఆహార ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థను కేంద్రం 1985 నాటి చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. పూలు, కూరగాయలు, పండ్లు దీని పరిధిలోనివే. హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఇక్కడ నమోదైనవారికి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆర్‌సీఎంసీ అంటారు.

మూడవది బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌. విదేశీ మారకపు సొమ్ము ఏ బ్యాంకు శాఖ ద్వారా వస్తుందో తెలిపే సంఖ్య ఇది. సరకు పంపే విమానాశ్రయం పేరిట దీనిని కస్టమ్స్‌ వారి ఐస్‌గేట్‌ వ్యవస్థలో నమోదు చేయించాలి. బెంగళూరులో నమోదు ఉంటే శంషాబాద్‌లో చెల్లదు. తొలిసారి ఎగుమతి చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తెగులు కనిపిస్తే వెనక్కే

ప్రతి సరకుతోపాటు వెళ్లవలసిన ముఖ్య పత్రం ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌. పూలలో గానీ ఆకులలో గానీ పురుగులు, తెగుళ్లు లేవని ప్రభుత్వం తరఫున ఇచ్చే హామీ ఇది. 1951 నాటి అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం ప్రకారం దేశాలన్నీ ఒకే తరహా పత్రాన్ని గుర్తిస్తాయి. కేంద్ర వ్యవసాయ శాఖ పరిధిలోని మొక్కల క్వారంటైన్‌ అధికారులు నమూనాలను పరిశీలించి జారీ చేస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. దిగుమతి చేసుకునే దేశం ప్రత్యేక షరతులు పెడితే వాటిని ముందుగానే కొనుగోలుదారు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

ఈ పత్రాన్ని తేలికగా తీసుకుంటే పర్యవసానం ఒక్క రైతుతో ఆగదు. 2013లో భారత్‌ నుంచి వెళ్లిన 207 సరకుల్లో పండుఈగ వంటి పురుగులు కనిపించాయంటూ ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుంచి మన మామిడి పండ్లతోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ దిగుమతులను నిషేధించింది. మామిడిపై నిషేధాన్ని 2015 ఆరంభంలో ఎత్తివేసినా కూరగాయలపై మరికొంత కాలం కొనసాగింది. పురుగు ఏ జిల్లా నుంచి వెళ్లిందని అక్కడివారు చూడలేదు. దేశం మొత్తానికీ తలుపు మూశారు. ఆ తర్వాత ఐరోపాకు కూరగాయలు పంపాలంటే అపెడా గుర్తించిన ప్యాక్‌హౌస్‌లో శుద్ధిచేయడం, తోటలను నమోదు చేయించడం తప్పనిసరైంది. టమాటా, బెండ, బీర పండించే చేవెళ్ల రైతులు కూడా గుర్తుంచుకోవలసిన చరిత్ర ఇది. కూరగాయలకు పురుగుమందుల అవశేషాల పరీక్ష అదనం.

విమానాశ్రయంలో ఏం జరుగుతుంది

2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాద్‌ విమానాశ్రయంలో శీతల గదులతో కూడిన కార్గో టెర్మినల్‌ ఉంది. కస్టమ్స్‌ విభాగం 24 గంటలూ పనిచేస్తుంది. ఎగుమతిదారు తరఫున పత్రాల పనిని కస్టమ్స్‌ బ్రోకర్‌ చూస్తారు. వాడుకలో వీరిని ఇప్పటికీ సీహెచ్‌ఏ అనే పిలుస్తున్నారు. లైసెన్సు ఉన్నవారినే ఎంచుకోవాలి.

ఇన్‌వాయిస్‌, ప్యాకింగ్‌ జాబితా ఆధారంగా బ్రోకర్‌ ఐస్‌గేట్‌లో షిప్పింగ్‌ బిల్లు దాఖలు చేస్తారు. 1962 నాటి కస్టమ్స్‌ చట్టం ప్రకారం ఎగుమతికి ఇదే మూలపత్రం. సరకు రాకముందే దీనిని దాఖలు చేసే వీలుంది. కోత మొదలైన సాయంత్రమే ఈ పని ముగించుకోవడం ఉత్తమం. సరకు టెర్మినల్‌కు చేరాక తూకం, భద్రతా తనిఖీ ఉంటాయి. కంప్యూటర్‌ ఆధారిత వ్యవస్థ ఎంపిక చేసిన సరకులను మాత్రమే అధికారులు తెరచి చూస్తారు. అన్నీ సక్రమంగా ఉంటే ఎగుమతికి అనుమతి ఉత్తర్వు ఇస్తారు. ఈ ఉత్తర్వు వచ్చాకే పెట్టెలు విమానయాన సంస్థ చేతికి వెళ్తాయి.

ఇక్కడ ఆలస్యానికి కారణం ఎక్కువగా చిన్న పొరపాట్లే. ఇన్‌వాయిస్‌లో 40 పెట్టెలు రాసి 42 తేవడం, ఫైటోశానిటరీ పత్రంలో కొనుగోలుదారు పేరు ఒకలా, షిప్పింగ్‌ బిల్లులో మరోలా ఉండటం, పూలకు వేరే సరకు కోడ్‌ వేయడం వంటివి. సరిచేయడానికి వీలున్నా అందుకు పట్టే సమయంలో విమానం వెళ్లిపోతుంది. గులాబీ 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో నిలిచిన వ్యానులో గడిచే ప్రతి గంటా వాడిపోయే రోజును ముందుకు తెస్తుంది.

రహదారినీ లెక్కలో వేసుకోవాలి. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల రహదారి విస్తరణ మర్రిచెట్ల వివాదంతో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఇరుకు దారిలో వాహనాలు స్తంభించడం కొత్త కాదు. విమానం వేళకు సరిగ్గా కాక, రెండు గంటల వెసులుబాటుతో తోట నుంచి బయల్దేరడం మంచిది.

పన్ను లేదు.. కానీ పన్ను ఉంది

తాజా పూలు, కూరగాయలు జీఎస్టీ మినహాయింపు జాబితాలో ఉన్నాయి. పైగా ఏ సరకైనా ఎగుమతి చేస్తే చట్టరీత్యా పన్ను రేటు సున్నా. మినహాయింపు ఉన్న సరకును ఎగుమతి చేసేందుకు ఎల్‌యూటీ అనే హామీ పత్రం కూడా అక్కర్లేదని పరోక్ష పన్నుల బోర్డు 2018 మే 30 నాటి సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. సొంత భూమిలో పండించి అమ్మే రైతు జీఎస్టీ నమోదు చేయించుకోవలసిన అవసరం లేదు.

ఇంతవరకు వింటే పన్ను బెడద లేదనిపిస్తుంది. అయితే పూలపై లేని పన్ను పూలను పంపే ఖర్చుపై ఉంది. ఎగుమతి సరకు విమాన ఛార్జీలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు 2022 సెప్టెంబరు 30తో ముగిసింది. అప్పటి నుంచి 18 శాతం చెల్లించాలి. బ్రోకర్‌ సేవలపైనా జీఎస్టీ పడుతుంది. అట్టపెట్టెలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఉదాహరణకు విమాన ఛార్జీ లక్ష రూపాయలు, అట్టపెట్టెల ఖర్చు రూ.10 వేలు అనుకుందాం. ఛార్జీపై రూ.18 వేలు, పెట్టెలపై రూ.500 కలిపి రూ.18,500 పన్ను చెల్లించాలి. జీఎస్టీ నమోదు లేని రైతుకు ఈ మొత్తం పోయినట్టే. స్వచ్ఛందంగా నమోదు చేయించుకున్నవారు మాత్రం దీనిని వాపసు కోరవచ్చు. విమానం దేశం విడిచిన తేదీ నుంచి రెండేళ్లలోగా దరఖాస్తు చేయాలి. పాలీహౌస్‌ వంటి పెట్టుబడి వ్యయంపై చెల్లించిన పన్ను ఈ లెక్కలోకి రాదు. నమోదు చేయించుకుంటే వ్యాపారం లేని కాలంలోనూ రిటర్నులు దాఖలు చేస్తుండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పంపే ఒంటరి రైతుకు ఈ భారం గిట్టుబాటు కాకపోవచ్చు. తరచూ పంపేవారికి వాపసే లాభంగా మిగిలే సందర్భాలుంటాయి.

ఇతర రూపాల్లో తిరిగిరాని పన్నులు, సుంకాలను భర్తీ చేసేందుకు కేంద్రం 2021 జనవరి నుంచి రోడ్‌టెప్‌ పథకాన్ని అమలులోకి తెచ్చింది. సరకు కోడ్‌ను బట్టి రేటు ఉంటుంది. రేట్లు, గడువు మారుతుంటాయి కాబట్టి బిల్లు వేసే రోజున అమలులో ఉన్నదేమిటో బ్రోకర్‌ను అడగాలి. ఈ ప్రయోజనం కావాలని షిప్పింగ్‌ బిల్లులోనే పేర్కొనాలి.

ఆదాయపు పన్ను విషయంలోనూ ఒక తేడా ఉంది. సొంత భూమిలో పండించిన పూలను అమ్మగా వచ్చేది వ్యవసాయ ఆదాయం. ఇరుగుపొరుగు రైతుల పూలు కొని పంపితే దానిపై వచ్చే లాభం వ్యాపార ఆదాయమవుతుంది. రెండింటి లెక్కలు వేర్వేరుగా రాసుకోవాలి.

తూకం కాదు.. పెట్టె కొలత

విమాన ఛార్జీని బరువును బట్టే వేస్తారనుకుంటే లెక్క తప్పుతుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే సంఖ్యను కిలోలుగా పరిగణిస్తారు. అసలు బరువు, ఈ లెక్కలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 100 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 25 ఎత్తున్న పెట్టె 11 కిలోలే తూగినా దాదాపు 16.7 కిలోలకు డబ్బు కట్టవలసి ఉంటుంది. పెట్టెలో ఖాళీ లేకుండా కట్టలు అమర్చడం, కాడ పొడవుకు తగిన పెట్టె ఎంచుకోవడం ఇక్కడ నేరుగా డబ్బు మిగిల్చే పనులు.

సొమ్ము చేతికందేవరకు

సరకు వెళ్లినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. అమ్ముడైన తర్వాత చెల్లిస్తామనే ఒప్పందాల్లో పూలు వాడిపోయాయంటూ కొనుగోలుదారు ధర తగ్గిస్తే విదేశంలో ఉన్న సరకును రైతు చూడలేడు. కొత్త కొనుగోలుదారు నుంచి ముందుగా కొంత సొమ్ము తీసుకోవాలి. ప్యాకింగ్‌ సమయంలో తేదీతో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈసీజీసీ ఎగుమతి బాకీలకు బీమా సౌకర్యం కల్పిస్తోంది. విదేశీ సొమ్ము గడువులోగా బ్యాంకుకు చేరకపోతే అప్పటికే పొందిన జీఎస్టీ వాపసును తిరిగి కట్టవలసి వస్తుంది.

కలిసి పంపితేనే గిట్టుబాటు

అరెకరం పాలీహౌస్‌ ఉన్న రైతు ఒక్కడే ఈ పనులన్నీ చేసుకోవడం కష్టం. రోజూ పంపేంత సరకూ అతడి దగ్గర ఉండదు. పది, ఇరవై మంది కలిసి ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడితే ఒకే ఐఈసీ, ఒకే అపెడా నమోదు, ఒకే జీఎస్టీ ఖాతా సరిపోతాయి. దేశవ్యాప్తంగా 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటుకు కేంద్రం 2020 ఫిబ్రవరిలో పథకం ప్రారంభించింది. కోస్తాలో రొయ్యల ప్లాంటు చేస్తున్న పనిని ఇక్కడ రైతుల సంఘమే చేపట్టవచ్చు. అప్పుడు లాభంలో వాటా కూడా రైతుదే అవుతుంది. మండల కేంద్రంలో ఒక చిన్న శీతల గది, నాణ్యతను బట్టి పూలను వేరుచేసే షెడ్డు ఉంటే మొదలుపెట్టేందుకు చాలు.

మాఘంలో, శ్రావణంలో గుడిమల్కాపూర్‌లోనే మంచి ధర పలుకుతుంటే విదేశాలకు పంపనక్కర్లేదు. సంపాదించిన పత్రాలు ఆ రోజుల్లో బీరువాలో ఉన్నా నష్టం లేదు. మూఢం మొదలయ్యాక దరఖాస్తు చేసేవారికి మాత్రం పత్రాలు చేతికొచ్చేసరికి ముహూర్తాలు మళ్లీ మొదలవుతాయి, ఈలోగా కోసిన పూలు పెంటకుప్పకు చేరతాయి. పంచాంగంలో మూఢం ఎప్పుడు వస్తుందో ఉగాదికే తెలుస్తుంది. పత్రాల పని కూడా అప్పుడే మొదలుపెట్టాలి.